పాప కంటే ముందు పొత్రం ఎక్కింది

మొన్న మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి ఫోన్‌లో రెండు బొమ్మలు చూపించి, "ఆంటీ, కార్లో పాపకి పసిపిల్లల సీటు కొనాలా, పెద్దయ్యేదాకా పనికొచ్చే కన్వర్టిబుల్ సీటు కొనాలా?" అని అడిగింది. నేను చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాను. పాపం, ఆ పిల్ల నొచ్చుకుంది. నవ్వొచ్చింది ఆమె ప్రశ్నకు కాదమ్మా. సరిగ్గా ఇదే ప్రశ్న, అప్పుడు దాని పేరు కూడా మాకు తెలియదు, పాండిచ్చేరిలో మా ఇంటిల్లిపాదినీ ఒక రోజంతా పరుగులు పెట్టించింది. ఆ రోజు సంగతి, మర్నాటి ప్రయాణం సంగతి చెబుతాను. పసిబిడ్డను తీసుకుని కార్లో బయల్దేరబోయేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది మీకోసమే.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. మా పుట్టిల్లు ఒర్లియంపేటలో. నాయనకు బజార్లో బట్టల కొట్టు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చిత్తూరు కోడల్నయ్యాకే నాకు తెలుగు రాత వచ్చింది, కాబట్టి ఎక్కడైనా తప్పు దొర్లితే సర్దుకుపోండి. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చాను, పాప పుట్టింది, మూడో నెల నిండుతోంది, ఇక అత్తవారింటికి చేరాలి. రైల్లో అయితే విల్లుపురంలో దిగి, మూటలూ ముల్లెలూ పిల్లా జెల్లాతో ఇంకో రైలు పట్టుకోవాలి. బస్సుల్లో నిలబడటానికే చోటు దొరకదు. అందుకని నాయన అంబాసిడర్ టాక్సీ మాట్లాడాడు. రానూపోనూ బాడుగ మనమే ఇచ్చుకోవాలి, రైలు ఖర్చుతో పోలిస్తే గుండె గుభేలుమంటుంది. అయినా మొదటి మనవరాలు కదా అని ఒప్పుకున్నాడు.

కారనగానే నాకు గుండెల్లో రాయి పడింది. అంతకుముందు ఏడాదే మా ఆడబిడ్డ కొడుకు తల్లి ఒళ్లో కూర్చుని కార్లో వెళ్తుంటే, డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. పిల్లాడు చేతుల్లోంచి జారి ముందుకు కొట్టుకున్నాడు. నుదుటి మీద కుట్లు పడ్డాయి. ఆమె ఏమీ అజాగ్రత్త మనిషి కాదు, రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. పాపను చూడటానికి వచ్చినప్పుడు మా ఆయన వెళ్తూ వెళ్తూ ఒకటే మాట చెప్పారు: "ఎట్లయినా రా, ఒళ్లో పెట్టుకుని మాత్రం రావొద్దు." మరెట్లా రావాలో చెప్పకుండా బస్సెక్కేశారు, మగవాళ్లు కదా.

దారి చూపించింది మా పెద్దమ్మ కూతురు కమలక్క. వాళ్లాయన ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడు. అలాంటివాళ్లను మా ఊళ్లో సొల్దా అంటారు. ఆ దేశం నుంచి తిరిగొచ్చేటప్పుడు పిల్లల సామాన్లన్నీ ఓడకెత్తుకుని తెచ్చుకున్నారు. నటేశన్ నగర్‌లో వాళ్లింటి అటక మీద కారులో పిల్లల్ని కట్టి కూర్చోబెట్టే సీట్లు రెండున్నాయని తెలిసి, ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే నాయనా నేనూ రిక్షాలో వెళ్లాం.

ఒకటి చిన్నది. తెల్ల ప్లాస్టిక్ తొట్టి, పట్టుకోవడానికి పిడి, లోపల మెత్త. పాప వెనక్కి తిరిగి, సగం పడుకున్నట్టు ఉండాలి. ఎనిమిదో తొమ్మిదో నెల దాటితే ఇక పనికిరాదు. రెండోది పెద్దది. గోధుమరంగు, బరువు, దిండు పరిచిన సింహాసనంలా ఉంది. చిన్నపిల్లలకు వెనక్కి తిప్పి, పెద్దయ్యాక ముందుకు తిప్పి, నాలుగేళ్లొచ్చేదాకా వాడుకోవచ్చునట. "ఏదన్నా ఒకటి తీసుకో సుగుణా. మిగిలింది మా ఆడబిడ్డకు ఇస్తానని చెప్పుండా. రేపు వస్తాది, సాయంత్రంలోగా తేల్చు," అంది కమలక్క.

నాయన చేయి అప్పటికే పెద్దదాని మీద ఉంది. బట్టల వ్యాపారి ఆయన. పిల్లల చొక్కా కొనేవాళ్లకు రెండు సైజులు పెద్దది చూపించి, లోపల మడత కుట్టించుకోమని చెప్పే మనిషి. "పిలగాళ్ళకు ఎప్పుడూ ఎదిగే సైజే తీయాల. ఆ చిన్నది నాలుగు నెల్లకు బిగుతైపోతాది. ఏందమ్మా ఆలోచన?" అన్నాడు. నాకు చిన్నదే నచ్చింది, ఎందుకంటే మాత్రం చెప్పలేకపోయాను. నాయనతో వాదించి గెలిచినవాళ్లు బజార్లోనే లేరు, ఇక నేనెంత. కమలక్కే పుణ్యం కట్టుకుని, "రెండూ ఎత్తుకుపోండి, చూసుకుని ఒకటి తిరిగి తెండి," అంది.

ఇంటికి వచ్చి రెండు సీట్లూ హాల్లో పెట్టి పాపను ఎత్తుకున్నానో లేదో, మా అవ్వ, అంటే నాయన తల్లి, అడ్డం వచ్చింది. "యాడికి? ముందు కొళవిని పెట్టకుండా బిడ్డను పెడతారా?" సన్నికల్లు మీద నూరే పొత్రాన్ని మా ఇంట్లో తమిళంలోలాగే కొళవి అంటారు. కొత్త ఉయ్యాలలో బిడ్డ కంటే ముందు దాన్ని పసిపాపలా గుడ్డలో చుట్టి పడుకోబెడతారు. రాయిలా గట్టిగా, నూరేళ్లు ఉండాలని. "అవ్వా, ఇది ఉయ్యాల కాదు, కారు సీటు!" అన్నాను. "బిడ్డ పండుకునేది ఏదైనా ఉయ్యాలే. కార్లో పోయేదైతే కొళవి కార్లోనే పోవాల," అని తేల్చేసింది. నాకు ఒళ్లు మండింది. రేపు ప్రయాణం, సర్దాల్సిన సామాను కొండంత ఉంది, ఈవిడ రాయికి షికారు అడుగుతోంది. అవ్వ మాత్రం నా పాత చీర ముక్కలో పొత్రాన్ని చుట్టి, పైన పాప టోపీ కూడా తొడిగింది.

ఎలాగూ కారు తట్టాంచావడి వెళ్లాల్సిందే. ఆ రోజుల్లో అంబాసిడర్ వెనక సీటుకు బెల్టులుండేవి కావు, ఈ సీటును దేనికి కడతాం? అక్కడ ఒక వర్క్‌షాప్‌లో కారు నేలకు బోల్టులు దించి, లారీ మీద సరుకు బిగించే వెడల్పాటి పట్టీ వేయించాలని నాయన ఏర్పాటు చేశాడు. డ్రైవరు సెల్వం తిరుపతి బాడుగలు తోలి తోలి తెలుగు నేర్చుకున్న మనిషి. కారు అతని సొంతం. డ్రిల్లు చప్పుడు వినబడగానే, "సారూ, నా బండి కడుపుకు ఓట్టలా, చిల్లులా?" అని మొహం అటు తిప్పుకున్నాడు. పని అయ్యాక పట్టీని తనే రెండుసార్లు గుంజి చూశాడు.

పాపను అవ్వ దగ్గరే ఉంచి, పొత్రంతో పాటు రెండు సీట్లూ కార్లో వేసుకుని వచ్చాను. పెద్ద సీటును ముందుకు తిప్పి కట్టించాడు నాయన. వెనక్కి తిప్పుదామంటే ఒప్పుకోలేదు. "పాప్పా మొట్టమొదటిసారి తండ్రిగారింటికి పోతా ఉండాది, వీపు తిప్పుకోని పోతాదా? శకునం ఏమవతాది?" అన్నాడు. పొత్రాన్ని దాన్లో కూర్చోబెట్టి పట్టీలు వేశాం. దూరం నుంచి చూస్తే అచ్చం పాపే. అక్కడి నుంచి తిండివనం రోడ్డు మీదుగా గోరిమేడు దాకా వెళ్లి తిరిగొద్దామన్నాడు సెల్వం. అక్కడ మా ఊరి ఎల్ల ముగుస్తుంది. మందు సీసాలు దాటిస్తారని పోలీసులు ప్రతి బండినీ ఆపి చూసేవాళ్లు.

సెల్వం వెనక్కి తిప్పుకోవాలని చోటు చూస్తూ కొంచెం జోరుగానే వెళ్తున్నాడు. చెక్‌పోస్టు దగ్గర ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తి గబుక్కున రోడ్డు మీదికి వచ్చాడు. సెల్వం బ్రేకు తొక్కాడు. నా కళ్ల ముందే పొత్రం పట్టీల కిందనుంచి జారి, ముందు సీటుకు కొట్టుకుని, దబ్బుమని కింద పడింది. టోపీ ఊడి ఎటో పోయింది.

"అయ్యో, కొళందై!" అని అరిచాడు కానిస్టేబుల్. బిడ్డ పడిపోయిందనుకున్నాడు. తలుపు లాగి, వంగి, ఆ మూటను ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. తర్వాత బరువు తెలిసింది కాబోలు, గుడ్డ తప్పించి చూశాడు. రాయి. మమ్మల్ని చూశాడు, మళ్లీ రాయిని చూశాడు. సెల్వం తమిళంలో విషయమంతా చెప్పేసరికి పక్కనున్న మైలురాయి మీద కూలబడి, "మీకు దండం పెడతానమ్మా, ఇట్లాంటి ఆటలు నా డ్యూటీలో ఆడొద్దు," అన్నాడు. నవ్వాల్సిన మాటే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాను. రేపు ఇక్కడే, ఇదే రోడ్డు మీద, దాన్లో ఉండాల్సింది నా కూతురు.

నాయన సీటు కింద వెతికి, టోపీ తీసి దులిపాడు. "రాయికి భుజాలు యాడివి? పట్టీ ఎట్ల నిలుస్తాది?" అని గొణిగాడు. అది నిజమే. అందుకని తిరుగు దారిలో చిన్న తొట్టిని వెనక్కి తిప్పి కట్టి, పొత్రాన్ని దాన్లో పెట్టి, ఎవరూ లేని చోట సెల్వంతో అంతే గట్టిగా బ్రేకు వేయించాను. పొత్రం తొట్టి వీపుకు ఆనుకుని అలాగే ఉండిపోయింది. అప్పుడూ దానికి భుజాలు లేవు మరి.

ఇంటికి వచ్చి, వాకిట్లో ఆగి ఉన్న కార్లోనే పాపను రెండింట్లోనూ కూర్చోబెట్టి చూశాం. పెద్దదాన్ని వెనక్కి తిప్పినా లాభం లేకపోయింది. భుజం పట్టీలు పాప చెవుల పైనుంచి మొదలవుతున్నాయి, తల వాలిపోయి గడ్డం రొమ్ముకు తగులుతోంది, నడుము చుట్టూ ఇంకో పాప పట్టేంత ఖాళీ. చిన్న తొట్టిలో పెడితే తల నిలిచింది, పట్టీ సరిగ్గా భుజానికి వచ్చింది, ఊపిరి హాయిగా ఆడుతోంది. నాయన ఇంకా శకునం దగ్గరే ఉన్నాడు. ఆ చిక్కు విప్పింది అవ్వే. "వెనక్కి తిరిగితే ఏందిరా? పుట్టిన ఊరిని చూసుకుంటా పోనీ," అంది. నాయన కళ్లు తుడుచుకుని, పెద్ద సీటును రిక్షాలో వేసుకుని నటేశన్ నగర్ వెళ్లాడు. పొత్రాన్ని కడిగి అమ్మ ఆ పూట చట్నీ నూరింది.

మర్నాడు ఎండ ఎక్కకముందే బయల్దేరాం. ముందు నాయనా సెల్వం, వెనక నేనూ పాపా. గోరిమేడులో అదే కానిస్టేబుల్. మా కారు చూడగానే రెండు అడుగులు వెనక్కి వేసి, "ఈరోజైనా నిజం బిడ్డేనా?" అని అడిగాడు. తొంగిచూశాడు, పాప ఆవులించింది. సామాన్లు విప్పించకుండానే పొమ్మన్నాడు. తిండివనంలో ఇడ్లీలు తిని, ఫ్లాస్కులో వేడినీళ్లు నింపుకుని, వందవాసి, ఆర్కాడు మీదుగా చిత్తూరు దారి పట్టాం. పాలివ్వడానికి, గుడ్డలు మార్చడానికి, ఆ తొట్టిలోంచి తీసి కాసేపు భుజాన వేసుకోవడానికి గంటకోసారి ఎక్కడ నీడ కనబడితే అక్కడ ఆగాం. అందుకే పొద్దున్న బయల్దేరినవాళ్లం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మీరూ తొందర పెట్టుకోకండి.

ఆ దారిలో, వందవాసి దాటాక జరిగింది అసలు సంగతి. రోడ్డు పక్క మేస్తున్న దూడ ఒకటి చెంగున అడ్డం దూకింది. సెల్వం బ్రేకు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. నేను ముందు సీటుకు గుద్దుకున్నాను, నా మోచెయ్యి దోక్కుపోయింది, ఫ్లాస్కు కిందపడి పగిలింది. కారు ఆగింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడటం లేదు. సెల్వం స్టీరింగు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను తొట్టిలోకి వంగాను. పాప నిద్ర చెడినందుకు పెదవి విరిచి, నన్ను చూసి, గుప్పిట నోట్లో పెట్టుకుని మళ్లీ కళ్లు మూసుకుంది. వెంట్రుక కూడా కదల్లేదు. "ఏం కాలేదు నాయనా, నిద్రపోతా ఉండాది," అన్నాను. అప్పుడు తిరిగాడు నాయన. చెయ్యి చాచి, పాప భుజం మీద పట్టీ కింద ఒక వేలు దూర్చి, కొట్లో పిల్లల చొక్కా మెడ చూసినట్టే చూశాడు.

"సైజు సరిపోయిందమ్మా," అన్నాడు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒంట్లోంచి బరువు దిగినట్టు ఉంటుంది. ఆ చిన్న తొట్టి నాయన చెప్పినట్టే కొన్నాళ్లకు బిగుతైపోయింది, ఇంకొకరికి ఇచ్చేశాం. దాని అవసరం నాకు పడ్డది ఆ ఒక్క ప్రయాణంలో, ఆ దూడ దూకిన ఒక్క క్షణంలో. పిల్లలు ఎదుగుతారని పెద్దవి కొంటాం, అది మన ఆశ. ఎదిగేదాకా వాళ్లను కాపాడాల్సింది మాత్రం ఈ రోజు వాళ్లున్న కొలతకు సరిపోయే వస్తువే. ఎదురు ఫ్లాట్ అమ్మాయికి ఇదే చెప్పాను. కన్వర్టిబులూ మంచిదే, పసిపాపను వెనక్కి తిప్పి కూర్చోబెట్టినప్పుడు భుజం పట్టీ పాప భుజానికి సమంగానో, కాస్త కిందనుంచో వచ్చేటట్లయితే. అలా రాకపోతే చిన్నదే కొనండి, రెండోది తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొక్క మాట. కొట్లో చూసి మురిసిపోయి డబ్బు కట్టెయ్యకండి. సీటును మీ కార్లోనే, కారు బెల్టుతో గట్టిగా బిగించి, పాపను కూర్చోబెట్టి, తల నిలుస్తోందా, పట్టీ ఎక్కడికి వస్తోంది అని చూసుకున్నాకే కొనండి. మాలాగా బోల్టులు, లారీ పట్టీలు వద్దు, ఆ కాలానికి అదే దొరికింది. ఇక బిడ్డ కంటే ముందు దాన్లో పొత్రాన్ని పెట్టాలంటారా, అది మీ ఇష్టం. ఎదురు ఫ్లాట్ అమ్మాయికి వాళ్లింట్లో పొత్రం లేదట. నిన్న మాది పట్టుకెళ్లింది, టోపీతో సహా.