గోడవైపు కుర్చీ

ఆంటీ, ముందుగా నా అక్షర దోషాలకూ, ఈ కోడిగీతల రాతకూ ఏమీ అనుకోకండి. చదివింది ఏడో తరగతి. తప్పులు దిద్ది మీ బ్లాగులో పెడతానన్నారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. కొత్తగా అమెరికా వచ్చి మన కమ్మింగ్ ఊళ్లో దిగిన ఆడపిల్లలెవరైనా ఆ చైనా హోటలుకు వెళ్లాలనుకుంటే పనికొస్తుంది.

అక్కడికి వెళ్దామని అడిగింది నేనే. ఈ దేశం వచ్చి రెండేళ్లవుతున్నా, హోటల్లో నాకేం కావాలో నేను చెప్పింది లేదు. మెనూ ఇంగ్లీషులో ఉంటుంది. మా ఆయన, అంటే మా మేనమామ కొడుకే, చదివి తనే చెప్పేస్తాడు. ఆ హోటల్లో ఆదివారం మెనూ అక్కర్లేదని, వంటలన్నీ తోపుడు బండ్ల మీద బల్లల దగ్గరికే వస్తాయని, నచ్చింది వేలితో చూపిస్తే చాలని మీరే చెప్పారు. టీ తాగుతూ చిన్న చిన్న ప్లేట్లు తినడాన్ని యం చా అంటారట. ఒక్క ప్లేటు నా అంతట నేను అడిగి తినాలనిపించింది. బావ చాలా రోజులు వినలేదు. బావ ఆఫీసులో మేనేజరూ ఆయన భార్యా చైనావాళ్లు. వాళ్లు మమ్మల్ని అక్కడికే పిలిచేసరికి ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. ఫోర్ హండ్రెడ్ నంబరు రోడ్డు మీద కిందికి వెళ్లి, టూ ఎయిటీ ఫైవ్ రోడ్డు ఎక్కి, బ్యూఫోర్డ్ హైవే మీద దిగితే ముప్పావుగంట ప్రయాణం. దారిలో బావ ఒకటే చెప్పాడు.

"అక్కడ నువ్వేం మాట్లాడకు. నవ్వుతూ కూర్చో, చాలు."

"మాట్లాడక్కర్లేదట బావా. వేలు చూపిస్తే ఇస్తారట."

"ఆ వేళ్లు చూపించడాలవీ పెట్టుకోకు. నా పరువు తీయకు."

తలుపు దగ్గర నంబరు చీటీ ఇస్తారు. పది దాటి వెళ్తే చాలాసేపు నిలబడాలి. లోపల పెళ్లిపందిట్లో బంతి లేస్తున్నంత సందడి. మేనేజరు భార్య బండ్లు తిరిగే దారివైపు కుర్చీ లాగి నన్ను కూర్చోమంది. బావ "షి ఈజ్ షై" అని నన్ను గోడవైపుకు పంపి, ఆ కుర్చీలో తను కూర్చున్నాడు.

ముందు టీ వచ్చింది. కాసేపటికి మేనేజరు భార్య కూజా మూత తీసి వారగా పెట్టింది. నేను సరిగ్గా మూశాను. తినేచోట గిన్నెలు తెరిచి ఉంచకూడదని మా అమ్మ నేర్పింది. ఆవిడ మళ్లీ వారగా పెట్టింది, నేను మళ్లీ మూశాను. టీ అయిపోయినా ఎవరూ రాలేదు. చివరికి ఆవిడ నవ్వి బావకు చెప్పింది. మూత అలా తెరిచి ఉంటే ఇంకా టీ కావాలని గుర్తట. ఆవిడ నవ్వులో వెక్కిరింత లేదు. బావ మాత్రం అందరికంటే గట్టిగా నవ్వి, నా వైపు చూపించి "విలేజ్" అన్నాడు. ఆ మాట నాకు తెలుసు. ఆ ఊరు బావది కూడా. మా రెండిళ్లూ ఒకే వీధిలో ఉన్నాయి.

బండ్లు వస్తూనే ఉన్నాయి. ప్లేటు ఐదు నుంచి తొమ్మిది డాలర్ల దాకా ఉంటుంది. తీసుకున్నప్పుడల్లా బల్ల మీది కార్డు మీద ముద్ర వేస్తారు. దేంట్లో ఏ మాంసం ఉందో తెలియక నేను ఏదీ ముట్టుకోలేదు. అడగాలంటే మాట్లాడాలి కదా.

చివర్లో ఒక పెద్దావిడ తోసుకొచ్చిన బండి మీద నువ్వులు అద్దిన బూరెలు కనిపించాయి. అచ్చం మన బూరెలే. బల్ల మీదుగా వేలు చాపాను. ఆమె వెంటనే ప్లేటు తీసి, "స్వీట్, హాట్" అంటూ నా వైపు అందించింది. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నో, నో. షి డజంట్ లైక్ స్వీట్స్."

తర్వాత నా వైపు తిరిగి, నవ్వుతూనే, "వేలు దించు" అన్నాడు.

ఆమె ప్లేటు పట్టుకునే నా మొహం చూసింది. నేను తల దించుకున్నాను. ఆ బూరెలు పక్క బల్లకు వెళ్లాయి.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను.

"నాకు స్వీట్లు ఇష్టం లేదని నీకెవరు చెప్పారు బావా?"

"దానికేనా మొహం మాడ్చుకున్నావ్? నలుగురిలో ఏదో ఒకటి అనాలి కదా." హైవే ఎక్కుతూ, "ఆ తిండి నా నోటికి రుచించలేదు. ఇంటికెళ్లగానే కాస్త చారు పెట్టు" అన్నాడు.

పెట్టాను. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇంగ్లీషు రాకే ఏదీ అడగలేకపోతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. లైబ్రరీలో క్లాసులకు పంపమని బతిమాలాను కూడా. ఆ బండి పెద్దావిడకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా నాకేం కావాలో ఆమెకు తెలిసింది. ఒకే వీధిలో పెరిగి, చిన్నప్పుడు మా అమ్మ చేసిన బూరెలు నాతో పంచుకుని తిన్నవాడికి తెలియలేదంటే నేను నమ్మను.

వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను. దారివైపు కుర్చీలో కూర్చోండి. ఎవరు ఎంత మంచిగా చెప్పినా గోడవైపుకు జరగొద్దు.

టైపు చేశాక ఈ కాగితం కాల్చేయండి ఆంటీ. బావ బ్లాగులు చదవడు. నా రాత మాత్రం గుర్తుపడతాడు.