పదహారో కొక్కెం మీది బిళ్ల

అది నా ఉద్యోగంలో చివరి ఏడాది వానాకాలం. రాజూరా వైపు ఒక బొగ్గుబాయి దీపాల గదిలో అటెండెంటును. మా ఆయన పోయాక, నాలుగో తరగతి చదువుతో దొరికిన పని. కార్మికుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి టోపీ దీపం తీసుకుని దిగుతాడు. ఆ బిళ్లను అదే నంబరు కొక్కేనికి తగిలిస్తాను. పైకొచ్చి దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ల ఉందంటే మనిషి లోపలున్నాడని.

దీన్ని కంప్యూటర్‌లో పెట్టడానికి స్వాతి అనే ఇంజనీరు వచ్చింది. నంబరు తప్పు కొడితే పట్టుకోవడానికి బిళ్ల మీది రెండంకెల నంబరు చివర తనిఖీ అంకె ఒకటి ఉండాలంది. మొదటి అంకెను మూడుతో గుణించి, రెండోది కలిపి, భాగిస్తే మిగిలే శేషమే ఆ అంకె. అందుకు ఆమె దగ్గర రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి. ఒకటి పదితో భాగించేది. రెండోది పదకొండుతో భాగించేది, ఫైనైట్ ఫీల్డ్ లెక్కలది: సున్నా నుంచి పది దాకా పదకొండు సంఖ్యలే ఉంటాయి, దాటితే మళ్లీ సున్నా. పదకొండు ఒకటితో, తనతో తప్ప దేనితోనూ సమంగా తెగదు కనుక అంకెలు తారుమారైతే తప్పక దొరుకుతుంది. కాని శేషం పది వస్తే అక్షరం కొట్టాలి. బిళ్లల మీద నంబరు గుద్దే అచ్చులు, కంప్యూటర్ మీటల పెట్టె అంకెలవే ఉన్నాయి, కొత్తవి కొనాలి.

"పదితోని అయితే కొన్ని తారుమార్లు దొరకవ్, అవ్వా," అంది.

"గిన్నేండ్లల్ల ఒక్క నంబరు తప్పలే నేను. ఉన్నయి పారేసి కొత్తయి కొనుడెందుకు?" అన్నాను.

వాడేది నేనే కదా అని మేనేజరు నా మాటే ఖాయం చేశారు. బిళ్లలు కొక్కేలకు తగిలిస్తూనే ఉన్నా, కంప్యూటర్ ఉందిగా అని కొక్కేలు చూడటం మానేశాం.

కొన్ని నెలలకు, పొద్దుటి షిఫ్టు ముగిసి అందరూ పైకొస్తుంటే, అరవై ఒకటో నంబరు ఓదేలు దీపం ఇచ్చాడు. 619 కొట్టబోయి 169 కొట్టాను. మూడుతో గుణించి కలిపితే అరవై ఒకటికి పంతొమ్మిది, పదహారుకు తొమ్మిది. పదితో భాగిస్తే రెండింటికీ శేషం తొమ్మిదే. మెషీన్ ఒప్పుకుంది. పదహారో నంబరు రాజన్న పైకొచ్చినట్టు, ఓదేలు లోపలే ఉన్నట్టు చూపింది. వెతకబోతే ఓదేలు గేటు దగ్గర చాయ్ తాగుతున్నాడు.

"ఏందక్కా, చాయ్ తాగేటోన్ని బాయిల పూడుస్తున్నవా?" అన్నాడు. అందరం నవ్వాం. మెషీన్ తప్పని రాసి ఊరుకున్నాం.

గంట తర్వాత గది ఊడుస్తుంటే పదహారో కొక్కేనికి బిళ్ల కనిపించింది. రాజన్న లోపల పంపు దగ్గర ఒంటరిగా పనిచేసేవాడు. నేను కేకేస్తే దిగినవాళ్లు, కప్పు నుంచి పడ్డ రాయి కింద నుంచి అతన్ని తీశారు. ప్రాణం లేదు, ఒళ్లింకా వెచ్చగా ఉంది. గంట ముందు తీస్తే బతికేవాడా అని డాక్టరును అడిగాను. ఆయన రాజన్న మొహం మీదికి దుప్పటి లాగారు.

విచారణలో తప్పు నాదని, నా పేరు రాసుకోమన్నాను. మెషీన్ అని రాసుకున్నారు.

తర్వాత పదకొండుతో భాగించే సాఫ్ట్‌వేరే పెట్టారు. పంతొమ్మిదిని పదకొండుతో భాగిస్తే శేషం ఎనిమిది కనుక అరవై ఒకటి బిళ్ల 618 అయింది. నేను కావాలని 168 కొట్టి చూశాను. పదహారుకు శేషం తొమ్మిదే కనుక మెషీన్ ఒప్పుకోలేదు.

పనిముట్టు ఎంచుకునే ముందు అది ఏ తప్పును వదిలేస్తుందో అడగాలి. నేను అడగకుండానే స్వాతి నాకు చెప్పింది.