చాచా కౌజుపిట్ట మారిందా?

ముందే చెబుతున్నాను, నా మాటలను చాటలో పోసి చెరుగుకుని తీసుకోండి. తాలు బాగానే రాలుతుంది.

డెబ్భైల చివర్లో వరంగల్‌లో మా మగ్గాల ఇంటికీ పక్కింటి చాచా ఇంటికీ మధ్య ఒకటే గోడ. చాచాది సైకిల్ పంక్చర్ల దుకాణం. ప్రాణం మాత్రం ఒక కౌజుపిట్ట మీద. మడికొండ వైపు పొదల్లో వల వేసి పట్టుకొచ్చిన పిట్ట అది. పంజరానికి గుడ్డ తొడుగు, అడుగున బూడిద కలిపిన ఇసుక. పొద్దున్నే అది కూస్తే అంత దూరాన రఘునాథపల్లిలో ఎద్దులు లేచి నిలబడేవి.

కూతురి కాన్పుకు భార్యతో ఊరికి వెళ్తూ చాచా ఆ పంజరాన్ని మా అమ్మ చేతిలో పెట్టాడు. రోజూ చెదపురుగులు పెట్టాలని, పిల్లి కంట పడనీయొద్దని రిక్షా ఎక్కాక కూడా వెనక్కి తిరిగి చెబుతూనే ఉన్నాడు. ఇసుక గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. మా అమ్మకేమో మట్టి కనబడితే చేతులు ఊరుకోవు. రిక్షా మలుపు తిరిగిందో లేదో ఇసుక పారబోసి, పంజరం కడిగి, మెత్తటి నూలు గుడ్డ పరిచింది. అంత మంచి పరుపు మా ఇంట్లో నాన్నకు కూడా లేదు. చెదపురుగులు దొరకనప్పుడు నాన్న పెంటకుప్ప తవ్వి, కనబడిన పురుగునల్లా పెట్టాడు.

కాన్పు, పురుడు అన్నీ అయి చాచా తిరిగొచ్చేసరికి పిట్ట మెడ మీద ఈకల్లేవు. రొమ్ము ఎముక కత్తిలా తేలింది. కూత లేదు. చాచా దాని రెక్క విప్పాడు, గోళ్లు చూశాడు, కాలి వెనక ముల్లు తడిమాడు. పీటల మీద పిల్లను మార్చారని తెలిసిన పెళ్లికొడుకు కూడా అలా చూడడు.

"ఇది నా పిట్ట గాదు అక్కా," అన్నాడు మెల్లగా.

"మా ఇంట్ల ఇంకో పిట్ట యాడికెళ్లి వస్తది భాయ్? గుడ్డు వెట్టి పొదిగినమా?"

చాచా నవ్వలేదు. పంజరం తీసుకుని వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి గోడకు రెండు వైపులా అనుమానమే. నాన్న అసలు పిట్టను పందేల వాళ్లకు అమ్ముకున్నాడని చాచా అనుమానం. చాచా కావాలనే రోగపు పిట్టను అంటగట్టి పోయాడని నాన్న అనుమానం. ఇద్దరికీ ఎవరో ఎక్కిస్తున్నారని అమ్మ అనుమానం. నేను పిట్టనే అనుమానించాను. అమ్మ గోడ మీదుగా కూర గిన్నె అందించడం మానేసింది. నాన్న సైకిల్‌కు గాలి కొట్టించడానికి హనుమకొండ దాకా తోసుకుపోయేవాడు.

చివరికి అమ్మే ఆగలేక చాచా గుమ్మం ముందు నిలబడింది. "పా భాయ్, పశువుల దవాఖానకు వోదాం. సారు చెప్పంగ ఇద్దరం ఇందాం."

డాక్టరు ఈకలు ఎత్తి చూపిస్తే కుదుళ్లలో పేలు, మేడారం జాతర సాగినట్టు. రెట్టను పరీక్ష చేసి, కడుపులో నట్టలు, అంటే ఏలికపాముల్లాంటి పురుగులు, ఉన్నాయన్నాడు. పెంటకుప్ప పురుగులతో లోపలికి పోయి ఉంటాయట. ఇసుకలో పొర్లనిస్తే ఈ పిట్టలు పేలను చాలావరకు అవే దులుపుకుంటాయట. పంజరంలో ఇసుక ఏమైందని అడిగాడు. అమ్మ గోడ మీది బల్లిని చూసింది.

"అయితే పిట్ట నాదేనా సారూ?" అన్నాడు చాచా.

"ఎవలదో నాకెట్ల తెలుస్తది? దాని కడుపుల నట్టలున్నయి, గంతే నాకెరుక."

మందు పడ్డాక రాలిన నట్టలు ఒక్కొక్కటి మగ్గం మీది పడుగు పోగంత పొడుగు. మళ్లీ ఇసుకలో పొర్లి పొర్లి, మెడ మీద ఈకలు మొలిచాక, ఒక పొద్దున గోడ అవతల కూత లేచింది. అమ్మ కల్లాపి చెంబుతో అలాగే నిలబడిపోయింది. చాచా తల గోడ మీదికి వచ్చింది.

"నాదే అక్కా. మాఫ్ చెయ్యి."

ఎద్దులు, జాతర, పడుగు పోగు నేను సాగదీసినవే. ఉత్తగా పుట్టించింది మాత్రం చాచా నోట పెట్టిన ఈ చివరి మాట. చాచా తల గోడ మీదికి వచ్చింది, అమ్మ ముఖం చూసింది, దిగిపోయింది. తర్వాత ఊరికి వెళ్లినప్పుడు ఇంటి తాళంచెవి మా అమ్మ చేతిలో పెట్టాడు. పంజరాన్ని చంకన పెట్టుకుని బస్సెక్కాడు.