ఒక్క బస్తా అయ్యాక చెప్పు

మంగళగిరిలో మేముండే అపార్ట్‌మెంటుకి నేను కార్యదర్శిని. ఎవరూ పోటీకి రాకపోవడం వల్ల దక్కిన పదవి. మొన్న ఆదివారం కింద సెల్లారులో సమావేశం పెట్టుకున్నాం. మొదటి అంతస్తు ఆయన కారు మూడో అంతస్తు ఆయన పార్కింగు గీతలోకి జానెడు వచ్చిందని గొడవ. ఇద్దరూ లేచి నిలబడ్డారు, ఒకాయన చొక్కా చేతులు పైకి మడిచాడు కూడా. సరిగ్గా అప్పుడు పైన ఎవరింట్లోనో పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తున్న ఘాటు కిందికి దిగింది. ముందు నా గొంతు పట్టుకుంది, తర్వాత అందరిదీ. చొక్కా చేతులు మడిచినాయన వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. అవతలాయన తన నీళ్ళ సీసా మూత తీసి ఆయనకందించాడు. అందరూ దగ్గుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. నేను మాత్రం కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా అక్కడే కూర్చుని నవ్వుకున్నాను. ఆ ఘాటు తగిలితే నాకు ఖాసింబీ పిన్ని గుర్తొస్తుంది.

ఖాసింబీ పిన్ని గుంటూరులో మా వీధిలోనే, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది. మా అమ్మను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పిన్ని. మిరప యార్డుకి వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డులో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పని జరిగేది. అక్కడ పాతికమంది ఆడవాళ్ళకు ఆమె మేస్త్రీ. సన్నగా, ఎత్తుగా, చీర మీద వాళ్ళాయన పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, కళ్ళజోడుకి ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టుకుని ఉండేది. మూడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. నేను బీకాం ఫస్టుక్లాసు. అయినా ఇవాళ నలుగురి మధ్య కూర్చుని ఒక తగువు ఓపిగ్గా వింటున్నానంటే అది బీకాం వల్ల అబ్బింది కాదు.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు ముక్కు మీద కోపం. ఇప్పుడు కాస్త కిందికి దిగింది గాని, తొంభైల చివర, పెళ్ళయిన కొత్తలో అక్కడే కాపురం ఉండేది. మావారు శ్రీనివాసరావు అప్పట్లో చిలకలూరిపేటలో ఒక పత్తి మిల్లులో గుమస్తా. పెళ్ళయిన నాలుగో నెలలో ఒకరోజు, "నాలుగింటికి బస్టాండు దగ్గరికి వచ్చెయ్, అటునుంచి అటే సినిమాకి పోదాం" అని చెప్పి మిల్లుకి వెళ్ళారు. నేను పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, తల్లో మూర కనకాంబరాలు పెట్టుకుని, నాలుగింటికి ఐదు నిమిషాలుండగానే బస్టాండులో కూర్చున్నాను. నాలుగున్నర అయింది, ఐదున్నర అయింది. పల్లీలమ్మే ముసలాయన జాలిపడి ఒక పొట్లం ఊరికే ఇచ్చాడు. ఏడింటికి మావారు సైకిలు మీద ఇంటికి పోతూ నన్ను చూసి ఆగారు. "ఏంటి ఇంత ముస్తాబయ్యావ్, ఎక్కడికన్నా వెళ్తున్నావా?" అని అడిగారు. "గుంటూరు" అని చెప్పి ఎదురుగా ఉన్న బస్సెక్కేశాను. నా చేతిసంచీలో ఉన్నవల్లా చార్జీకి సరిపడా చిల్లర, ఒక దువ్వెన, సగం పొట్లం పల్లీలు.

పుట్టింటికి చేరాక నా కథ పెరగడం మొదలైంది. అమ్మతో చెప్పేటప్పుడు బస్టాండులో మూడు గంటలు కూర్చున్నాను. నాన్నతో చెప్పేసరికి నాలుగయ్యాయి. మర్నాడు మేనత్త వచ్చినప్పుడైతే మిట్టమధ్యాహ్నం ఎండలో మలమలా మాడిపోయాను. ఆయనే వచ్చి బతిమాలితే తప్ప గడప దాటనని శపథం చేశాను. ఆయనకీ పంతమే, పది రోజులైనా కబురు లేదు. నాన్న ఇక ఊరుకోలేక, వచ్చే ఆదివారం పెద్దమనుషుల్లో పెడతానన్నాడు. మా వైపు ఆరుగురు, వాళ్ళ వైపు ఆరుగురు, మధ్యలో మేమిద్దరం. అప్పుడది నాకు గొప్పగానే అనిపించింది. నిజానికి ఆ ఆదివారం జరిగి ఉంటే నా కాపురం ఆ రోజుతో సరి. పన్నెండు మంది ముందు నాలుగు గంటలని చెప్పాక జన్మలో మళ్ళీ మూడు అనలేను.

ఈ సంగతి చెవిన పడి, ఖాసింబీ పిన్ని పొద్దున్నే పనికి పోతూ మా అరుగు దగ్గర ఆగింది.

"బావగారూ, కాయ యార్డుకొచ్చే రోజులు. పెద్దమనుషులంతా కల్లాల్లో కాయ ఆరబోసుకుంటా ఉన్నారు. నీ పంచాయితీకి ఎవరొస్తారు?"

"వస్తారులేమ్మా. ఆడపిల్ల బతుకు కదా" అన్నాడు నాన్న.

"వచ్చినా వాళ్ళ బుర్ర కాయ రేటు మీద ఉండిద్ది. సీజను పోనీ. అందాక పిల్లని నా షెడ్డుకి పంపించు. ఇంట్లో కూర్చుంటే రోజుకి నాలుగు కలిపి చెప్పిద్ది."

ఆ చివరి మాట నాన్నకి నచ్చలేదు, నాకు అంతకన్నా నచ్చలేదు. కాని ఫోన్లు చేసి చూస్తే మా వైపు ఆరుగురిలో నలుగురు నిజంగానే కల్లాల్లో ఉన్నారు.

అలా పట్టుచీరతో వచ్చినదాన్ని మర్నాడు అమ్మ పాతచీర మీద నాన్న చొక్కా తొడుక్కుని, చేతులకు కొబ్బరినూనె రాసుకుని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని గోనెపట్టా మీద కూర్చున్నాను. ఆ షెడ్డులో పిన్ని పెట్టిన రూలు ఒకటుంది. ఏ ఇద్దరికి తగువొచ్చినా ఒకే బస్తాకి అటొకరు ఇటొకరు కూర్చోవాలి. బస్తాలో ఉన్న కాయ మొత్తం తొడిమలు తీయడం అయ్యేదాకా ఆ తగువు ఊసెత్తకూడదు. "అక్కా, ఇది నన్నేమందో చూడు" అని ఎవరు పరిగెత్తుకొచ్చినా పిన్ని తల ఎత్తకుండా ఒకటే మాట అనేది, "ఒక్క బస్తా అయ్యాక చెప్పు." బస్తా అయ్యేసరికి పొద్దు వాలేది. కారం చేతులతో కళ్ళు తుడుచుకోలేం కాబట్టి ఏడుపులు కూడా అప్పటిదాకా వాయిదానే.

నేను చేరిన మూడోరోజు కోటేశ్వరమ్మకీ సామ్రాజ్యానికీ గుమ్మం పక్కన గాలి తగిలే చోటు కోసం తగువొచ్చింది. పిన్ని ఇద్దర్నీ ఒక బస్తాకి కూర్చోబెట్టింది. సామ్రాజ్యం నోరు ఊరుకునేది కాదు, పైకి వినపడకుండా గొణుగుతూ తిడుతూనే ఉంది. ఇంతలో ఎవరో పక్కన కొత్త బస్తా విప్పారు. "నీ నోట్లో మన్ను..." అంటుండగానే సామ్రాజ్యం గట్టిగా తుమ్మింది. ఐదుగురు పిల్లల్ని పెంచిన కోటేశ్వరమ్మ, చేతిలో కాయ వదలకుండా, అలవాటు కొద్దీ "చిరంజీవ" అంది. షెడ్డంతా నవ్వులు. "తిడితే తిట్టొచ్చు, దీవిస్తే ఎట్టా తిట్టేది?" అని సామ్రాజ్యం విసుక్కుంది. సాయంత్రం బస్తా అయ్యాక, "ఇప్పుడు చెప్పండి, ఏంటి మీ తగువు?" అని పిన్ని అడిగింది. "ఏం లేదక్కా. ఇయ్యాల గాలి కూడా లేదు" అంది కోటేశ్వరమ్మ.

నా జోడీ చిలకలూరిపేటలో ఉన్నందువల్ల నా బస్తాకి అటువైపు పిన్నే కూర్చునేది. సాయంత్రం పని అయ్యాక, "ఊఁ, చెప్పవే. బస్టాండులో ఎంతసేపు కూర్చున్నావ్?" అని అడిగేది. మొదటిరోజు నాలుగు గంటలన్నాను. "అబ్బో" అంది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ మొత్తం కథ. వారం తిరిగేసరికి చెప్పడానికి నాకే విసుగొచ్చింది. వేళ్ళు లాగేస్తుంటే నాలుగు గంటలకు కోపం తెచ్చుకునే ఓపిక లేక మూడున్నర అన్నాను. "అరగంట తగ్గింది" అని సామ్రాజ్యం షెడ్డంతటికీ ప్రకటించింది. రెండోవారంలో మూడుకి దిగాను. మూడోవారంలో పల్లీల ముసలాయన కథలోకి వచ్చాడు. ఆయన ఉంటే నేను మరీ దిక్కులేనిదానిలా కనిపించనని అంతవరకూ ఆయన్ని దాచిపెట్టాను. ఆ తర్వాత, సైకిలు మీద వచ్చినప్పుడు మావారి తలనిండా పత్తి ఉందనీ, ఆ రోజు మిల్లు ముందు పత్తి లారీలు బారులు తీరాయనీ కూడా నోట్లోంచి వచ్చేసింది.

"తల మీద పత్తి సంగతి ముందెందుకు చెప్పలేదే?" అంది పిన్ని.

"అప్పుడు కనపళ్ళేదు."

"మరి ఇప్పుడెట్టా కనపడింది?"

నేను ఖాళీ బస్తాలో ఇంకా కాయలున్నాయేమోనని వెతికాను.

నెల దాటాక ఒక మధ్యాహ్నం మావారు షెడ్డు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో మైసూరుపాకం పొట్లం. బతిమాలడానికే వచ్చారు, పాపం. కాని రెండడుగులు లోపలికి వేశారో లేదో దగ్గు, నోరు తెరవబోతే తుమ్ము. "సు... సుజా..." అని మూడుసార్లు మొదలుపెట్టి మానేశారు. పిన్ని ఆయనకో తువ్వాలిచ్చి, "కూర్చోండి అల్లుడుగారూ. ఇంకో సగం బస్తా ఉంది, అయ్యాక మాట్లాడుకుందురు" అంది. ఆయన బుద్ధిగా నా ఎదురుగా కూర్చుని తొడిమలు తీశారు. పావుగంటకి ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నారు. "అమ్మాయ్, మీ ఆయన ఏడుస్తున్నాడే" అంది కోటేశ్వరమ్మ. నేను సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన కళ్ళు కడిగాను. అలా కడుగుతుంటే ఆయన మీద ఎంత బెంగపెట్టుకున్నానో తెలిసింది, ఎవరికీ కనపడకుండా తువ్వాలు పైకి లాక్కున్నాను.

సాయంత్రం బస్తా అయింది. పాతికమందీ పని ఆపి మా వైపు తిరిగారు.

"నాదే తప్పు సుజాతా. ఆ రోజు ఒక అరగంట ఆలస్యమైంది" అన్నారు మావారు.

"అరగంటా? మూడు గంటలండీ."

"మూడెందుకవుద్ది? నాలుగున్నరకల్లా అక్కడున్నాగా."

"ఏడయింది. బస్టాండు గడియారం చూశాను."

"ఆ గడియారం ఏనాడు సరిగ్గా నడిచింది?"

నెలరోజుల పాటు బస్తా బస్తాకీ దింపుకున్న కోపం ఒక్కసారిగా మళ్ళీ ముక్కు మీదికెక్కింది. మైసూరుపాకం పొట్లం ఆయన వైపు తోసేసి, "అయితే ఈ ఆదివారం పెద్దమనుషుల్లోనే తేల్చుకుందాం" అన్నాను. "అలాగే కానీ" అని ఆయనా లేచారు.

అప్పటిదాకా ఒక పక్కన బస్తాల మూతులు కుడుతున్న పిన్ని దబ్బనం కింద పెట్టింది. "వేటపాలెంలో నాకో చెల్లెలుంది" అంది. ఆ మాట ఇరవై ఏళ్ళుగా పక్కన కూర్చునే కోటేశ్వరమ్మకి కూడా కొత్త. "జీడిపప్పు ఒలిచే పని దానిది. మేం మాట్లాడుకోక పన్నెండేళ్ళయింది."

"ఎందుకు పిన్నీ?" అన్నాను.

"అదే గుర్తు రావట్లేదు." ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. "గుర్తుంటే పోయేదాన్ని. తప్పు నాదయితే కాళ్ళు పట్టుకునేదాన్ని, దానిదయితే నాలుగు తిట్టి వచ్చేదాన్ని. ఏం గుర్తు లేకుండా ఏ మొహం పెట్టుకుని పోయేది? మొదటేడు పంతంగా ఉన్నా, తర్వాత అలవాటయిపోయింది. ఒక్క బస్తాకి ఆగమన్నా గాని, బతుకంతా ఆగమన్నానా? మీకు ఇంకా గంటలు గుర్తున్నాయి. పోట్లాడుకునేదేదో పోట్లాడుకుని ఇయ్యాలే బస్సెక్కండి."

నాకు భయమేసింది. ఏళ్ళ తర్వాత అదే గోనెపట్టా మీద, మావారి మొహం కూడా మర్చిపోయి, గంటలు మాత్రం చెప్పుకుంటూ కూర్చున్నట్టు అనిపించింది. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి చెప్పులేసుకున్నాను.

చిలకలూరిపేట దాకా బస్సులో పోట్లాడుకుంటూనే వెళ్ళాం. యడ్లపాడు దాటేసరికి ఆయన గంటన్నరకి వచ్చారు, నేను రెండున్నరకి దిగాను. ఆ మధ్య గంట ఇప్పటికీ తేలలేదు. అయితే పెద్దమనుషులకు మాత్రం నాన్న మళ్ళీ ఫోన్ చెయ్యాల్సిన పని పడలేదు.

మిరప సీజను ముగిశాక ఒకరోజు పిన్ని చిలకలూరిపేటలో మా ఇంటికి వచ్చింది. చేతిసంచీ నిండా జీడిపప్పు. చూడగానే నాకర్థమైంది.

"వెళ్ళావా పిన్నీ?"

"వెళ్ళా. మీకు అంత చెప్పి నేను పోకపోతే సిగ్గుగా ఉండదూ? గుమ్మంలోనే నిలబెట్టి మొత్తం చెప్పింది. ఏ రోజు, ఏ వేళ, ఆ రోజు ఏం వండిందో కూడా. దానికి ఒక్క ముక్క పోలేదు."

"తప్పెవరిది?"

"నాదే. దాని బిడ్డకి పేరు పెట్టే రోజు తెల్లారేసరికి వస్తానన్నానంట. నేనొచ్చాక వడ్డిద్దామని చుట్టాలందర్నీ పొద్దుగూకేదాకా ఆకలితో కూర్చోబెట్టిందంట. నేను ఇక్కడ కాయ పనిలో పడి మర్చేపోయా." మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "నాకు గుర్తు లేదంటే నాకేం తగల్లేదనే గదా. తగిలింది దానికి. పన్నెండేళ్ళు అదొక్కతే మోసింది. నేనేమో నాలుగు రోజులాగితే అన్నీ చల్లారతయ్యని షెడ్డులో అందరికీ చెబుతా కూర్చున్నా."

పక్కన కుర్చీలో ఉన్న మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"మరి లోపలికి రమ్మందా?" అన్నాను.

"తిట్టడం అయ్యాక అన్నం పెట్టింది. కూరలో ఉప్పు కషాయం. కావాలనే వేసింది. మారు వడ్డించుకుని తిన్నా."

పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. చివరి రోజుల్లో వేటపాలెం నుంచి ఆ చెల్లెలే వచ్చి చూసుకుంది. ఆవిడ గొంతు కూడా అచ్చం పిన్ని గొంతే, కాకపోతే ఇంకాస్త పెద్దది. కోపం వచ్చినప్పుడు ఆగడం నాకు పూర్తిగా పట్టుబడిందని చెప్పను, మావారు పక్కనుంటే అసలు చెప్పలేను. నాకు మిగిలింది ఇంకో రకం భయం. ఎవరితోనైనా మాటలు ఎందుకు ఆగిపోయాయో గుర్తు రాకపోతే ఆ రోజు నాకు ఏ పనీ తోచదు. పోయిన నెలలో మా ఆడపడుచు పద్మతో ఎనిమిది నెలలుగా మాటల్లేవని ఉన్నట్టుండి తట్టింది. ఎంత వెతుక్కున్నా కారణం దొరకలేదు. "పోనీలే, ఎప్పుడో తనే చేస్తుంది" అన్నారు మావారు. నేనే ఫోన్ చేసి, "పద్మా, నేనేం చేశానో చెప్పు" అన్నాను. "గుర్తు లేదా వదినా?" అని మొదలుపెట్టి నలభై నిమిషాలు చెప్పింది. ఒక్కచోట కూడా అడ్డు తగలకుండా విన్నాను. తప్పు పూర్తిగా నాదే.