చక్రాలకు జ్వరం చూసే కృష్ణారావు గారు

కోరుట్లలో మా ఎదురింటి కృష్ణారావు గారు పొద్దున లేవగానే దేవుడి పటం చూడరు, భార్య మొహమూ చూడరు. తిన్నగా మెట్లు దిగి వచ్చి తన కారు నాలుగు చక్రాలకూ జ్వరం చూస్తారు. చంటిపిల్ల నుదుటిని తాకినట్టు, చేతి వెనుకవైపు ఒక్కో చక్రానికి ఆనించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతారు. మొదటిరోజు అదేదో మంత్రమనుకుని నేను కూడా మా అరుగు మీద నుంచే చేతులు జోడించాను.

"రాత్రంత నిలబడ్డ బండికి జరమెట్లొస్తది రావు సాబ్?" అని అడిగాను.

"సల్లగున్నప్పుడు ఎట్లుంటదో చెయ్యికి ఎరుకుంటెనే గద సార్, ఉరికినంక ఎంత కాలిందో తెలిసేది!"

ఆలోచిస్తే ఈ మాటలో తప్పేమీ కనిపించలేదు. నాకు భయం వేసింది అందుకే.

ఆ కారు జగిత్యాలలో కొన్న పాతది. పన్నెండేళ్ళ వయసు. కొన్న కొత్తలో అది బాగానే ఉండేది, ఆయనా బాగానే ఉండేవారు. ఐదు నెలల కింద వెనుక చక్రాలు వేడెక్కడం మొదలైంది. ఈయన చేతికి ఈ రోగం అప్పుడే పట్టుకుంది. బ్రేకు వదిలినా చక్రాన్ని పట్టుకునే ఉంటోందట. జగిత్యాల మెకానిక్ బక్కయ్య దగ్గరికి వారానికోసారి పోవడం, రావడం. బండి మాత్రం అట్లాగే ఉంది.

వాళ్ళావిడ సునందగారు ఓ రోజు మా ఇంటికి వచ్చి మొర పెట్టుకున్నారు.

"మొన్న నాకు మూడు దినాలు జరమొచ్చింది సార్. నా నుదురు ముట్టిండా అడుగున్రి!"

"ముట్టిన గద!" అన్నారు కృష్ణారావు గారు గేటు దగ్గర నుంచే.

"ముట్టిండు. ముట్టి, ఎనక చక్రమంత గరం లేదు, లేచి చాయ్ పెట్టుమన్నడు."

తన కారుతో ఆగినా బాగుండేది. ఊళ్ళో నిలబడ్డ ఏ బండినీ ఆయన వదిలేవారు కాదు. ఆటో, పాల వ్యాను, బడి బస్సు, అన్నిటి పక్కనా గొంతుక్కూర్చునేవారు. ఓసారి జగిత్యాల బస్టాండు ముందు పోలీసు జీపు ఆగి ఉంది. నేను వద్దనేలోపే ఆయన దాని వెనుక చక్రం దగ్గర కూర్చుని చెయ్యి లోపలికి పోనిచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఉరికి వచ్చారు.

"ఏయ్! కింద ఏం పెడుతున్నవ్?"

"ఏం పెడుతలేను. సూస్తున్న."

"ఏం సూస్తున్నవ్?"

"జరం."

కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. "గీయన మీ మనిషేనా?"

కాదని చెప్పాలనే ఉంది. మంగళవారం పూట అబద్ధమెందుకని, "మా ఎదురింటాయన" అన్నాను. ఈలోపు కృష్ణారావు గారు లేచి, పంచె దులుపుకుని, "సల్లగున్నది, పోన్రి" అని పోలీసులకు సెలవిచ్చారు.

ఆయన మేనల్లుడు విశ్వజిత్ పెళ్ళిలో ఇంతకన్నా ఘోరం జరిగింది. పూలతో అలంకరించిన కారు వచ్చి ఆగింది. పెళ్ళికొడుకు బాసికంతో దిగి, మేనమామ కౌగిలించుకుంటాడని చేతులు చాపాడు. మేనమామ ఆ చేతుల కింది నుంచి దూరిపోయి వెనుక చక్రం దగ్గర కూలబడ్డారు. బ్యాండు ఆగిపోయింది.

"మామా! నేనిటున్న!"

"నువ్వు యాడికి పోతవ్ అల్లుడా, గీ చక్రం సూడనియ్యి!"

మంగళవారమొస్తే ఆయన కొండగట్టు అంజన్న దర్శనానికి పోతారు. వెంట అంజవ్వ వస్తుంది. కృష్ణారావు గారి నాన్నగారి దగ్గర జీతగాడిగా పనిచేసిన దుర్గయ్య భార్య ఆమె. దుర్గయ్య పోయాక మా వీధి చివర మనవరాలు సౌమ్యతో ఉంటూ బీడీలు చుడుతోంది. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేదు. నేనూ ఓసారి వాళ్ళతో బయలుదేరాను. పది కిలోమీటర్లకోసారి కారు ఆపడం, దిగడం, చక్రాలు ముట్టడం, చల్లబడేదాకా నిలబడడం. పొద్దున మా కన్నా వెనుక నడిచి వస్తున్న అంజన్న మాలధారులు, మేము కొండ ఎక్కుతుంటే దర్శనం చేసుకుని ఎదురొచ్చారు.

"దొరకు బండంటే పానం. చిన్నప్పుడు లేగదూడను గట్లనే నిమురుతుండె," అంది అంజవ్వ మురిపెంగా.

వచ్చేటప్పుడు జగిత్యాలలో ఆగితే, బక్కయ్యను పక్కకు పిలిచి, "దీనికి మందు లేదా?" అని అడిగాను. "బండికైతే ఉన్నది సార్. దొరకే లేదు," అని వాడు స్పానరు తుడుచుకుంటూ పక్కకు పోయాడు.

పోయిన నెల ఓ ఆదివారం సౌమ్యకు సిరిసిల్లలో నర్సు ఉద్యోగానికి పరీక్ష. తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు. నిమిషం దాటినా, తలబాదుకున్నా తీయరు. ఆ పిల్ల రెండేళ్ళుగా చదువుతున్న చదువంతా ఆ గేటు ముందుంది. కృష్ణారావు గారు తీసుకుపోతానన్నారు. సిరిసిల్లలో మా చెల్లెలింటికి పోయే పని ఉండి నేనూ ముందు సీట్లో ఎక్కాను. అంజవ్వ, సౌమ్య వెనుక కూర్చున్నారు. అంజవ్వ ఎప్పుడూ వెనుకే. దొర పక్కన కూర్చోవడమంటే ఆమెకు నెత్తి మీద కూర్చున్నట్టే.

దారిలో ఆరుసార్లు ఆగడానికి సరిపోయేట్టు ఆరింటికే బయలుదేరాం. కథలాపూర్ దాటాక సౌమ్య సంచి వెతుక్కుని తెల్లబోయింది. హాల్‌టికెట్ ఇంట్లోనే ఉండిపోయింది! వెనక్కి తిరిగి, మళ్ళీ వచ్చేసరికి గంటకు పైగా హరించుకుపోయింది.

"ఇగ ఆగుడు లేదు," అన్నారు కృష్ణారావు గారు.

నా చెవులను నేనే నమ్మలేదు. పది కిలోమీటర్లు దాటాయి, ఆగలేదు. ఇరవై దాటాయి, ఆగలేదు. ఆయన ఎడమ చెయ్యి మాత్రం స్టీరింగ్ మీద గిలగిల కొట్టుకుంటోంది. రుద్రంగి దాటగానే మాడువాసన వచ్చింది.

"తాతా, ఏదో కాలుతున్నది!" అని సౌమ్య అరిచింది.

దిగి చూస్తే వెనుక చక్రం నుంచి పొగ! నేను నీళ్ళ సీసా పట్టుకుని ఉరికాను.

"పొయ్యకున్రి సార్! కాలిన పెనం మీద నీళ్ళు పోసినట్టే, పగుల్తది!" అని ఆయన చక్రానికి అడ్డంగా నిలబడ్డారు.

ఎనిమిది దాటింది. ఆదివారం ఆ రోడ్డు మీద ఇంకో బండి లేదు. సౌమ్య హాల్‌టికెట్‌ను గుండెలకు హత్తుకుని నిలబడింది, కళ్ళ నిండా నీళ్ళు. ఏం చేయాలో తోచక బక్కయ్యకు ఫోన్ కలిపాను. అందరికీ వినపడాలని స్పీకరులో పెట్టాను.

"దొర నీ పక్కకున్నడా సార్?" అన్నాడు వాడు.

"చక్రం దగ్గరున్నడు. పొగ వస్తున్నది బక్కయ్యా!"

"అయితే ఇను. బ్రేకులకు ఏ రోగం లేదు. హ్యాండ్‌బ్రేకు కింద అంజవ్వ కట్టిన ముడుపు ఇరికున్నది. లివరు పూరాగ కిందికి దిగది. గందుకే ఎనక చక్రాలు పట్టుకుంటున్నయి. ఐదు నెలల సంది ఇప్పు దొరా అంటే ఇనడు. మనుమరాలి నౌకరి కోసం ముసలామె మొక్కి కట్టిందట, మొక్కు తీరకముందు ఎట్ల ఇప్పుత అంటడు. ముసలామెకు చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నడు. తన బండినే ముట్టుకుంటే ఆమెకు అనుమానమొస్తదని ఊరి బండ్లన్ని ముట్టుకుంట తిరుగుతున్నడు... హలో? సార్? స్పీకర్ల పెట్టలేదు గద?"

నాకు పోలీసు జీపు, పెళ్ళికొడుకు చాచిన చేతులు, సునందగారి జ్వరం వరసగా కళ్ళ ముందు తిరిగాయి. వంగి చూశాను. లివరు అడుగున పసుపు గుడ్డ మూట. లోపల బియ్యం, రూపాయి బిళ్ళ. వెనుక సీట్లో కూర్చున్న మనిషికి చెయ్యి అందేది ఆ లివరొక్కటే. అది అంజన్న గదలా కనిపించి ఉంటుంది ఆమెకు! ముడుపు ముట్టే ధైర్యం నాకూ లేదు. మనసులోనే దండం పెట్టుకున్నాను.

"దొరా," అంది అంజవ్వ, "బక్కయ్య చెప్పింది నిజమేనా?"

ఆయన తల దించుకున్నారు. "నీ మనుసు నొచ్చుకుంటదని..."

"నా మనుసుకేం పుట్టింది! బండి కాలవెట్టుకుంటవా? పిల్లను నడిరోడ్డు మీద నిలవెట్టినంక అది ముడుపేంది? అంజన్న కొండ మోస్కుంట గూడ యాడ ఆగలే. గిది ఆయనకు నచ్చుతదా?"

నడుముకున్న సంచిలోంచి బీడీ ఆకు కత్తిరించే కత్తెర తీసింది. కృష్ణారావు గారు కళ్ళు మూసుకున్నారు. నేను 'ఆంజనేయా' అన్నాను. కిటుక్కున దారం తెగింది. అంజవ్వ లివరును కిందికి నొక్కింది. అది ఐదు నెలల తరువాత టక్కున పూర్తిగా దిగింది. ఆకాశమేమీ విరిగిపడలేదు. ఆమె ముడుపును కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది.

"నేనే మోస్త. నాకు బ్రేకుల్లేవు," అంది.

సౌమ్య కళ్ళు తుడుచుకుంటూ ఫక్కున నవ్వింది.

ఇరవై ఐదు నిమిషాలు చక్రానికి సేవ చేశాం. అంజవ్వ కొంగుతో విసిరింది, నేను తువ్వాలతో విసిరాను. కృష్ణారావు గారు చెయ్యి పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ చూసి, చివరికి "నడువున్రి!" అన్నారు. అక్కడి నుంచి ఆ కారు తాడు తెంచుకున్న కోడెలా ఉరికింది. గేటు మూయడానికి వాచ్‌మన్ చెయ్యి వేస్తుండగా సౌమ్య లోపలికి దూరింది.

దిగగానే కృష్ణారావు గారు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. ముట్టారు. నమ్మకం లేక ఇంకోసారి ముట్టారు. "ఎక్కువ కాలలేదు సార్!" అన్నారు నా వైపు చూసి.

"అయితే ఇక రేపు పొద్దున చూసే పని లేదు," అన్నాను.

"జరం తగ్గినంక గూడ రెండు దినాలు సూస్తరు గద!"

టిఫిన్ తిని వద్దామని మళ్ళీ కారెక్కబోయాం. అంజవ్వ అలవాటుగా వెనుక తలుపు మీద చెయ్యి వేసింది. కృష్ణారావు గారు చుట్టూ తిరిగి వచ్చి ముందు తలుపు తీసి పట్టుకున్నారు.

"అంజవ్వా, నాకొక్క పని చేసి పెట్టే."

"చెప్పు దొరా."

"ఇయ్యాల్టి సంది ముందట కూసో. ఎనక కూసుంటే నీ చెయ్యి మళ్ళ గా లివరు మీదికే పోతది. నా కోసం కాదే, బ్రేకుల కోసం."