బెంగళూరు చిరునామా

ఆన్‌లైన్ రమ్మీని, క్రికెట్ పందేలను మన రాష్ట్రంలో నిషేధించిన కొత్తల్లో, ఆ చట్టం పుణ్యమా అని అన్నం తిన్నవాళ్ళు బహు తక్కువమంది. వారిలో నేనొకణ్ణి. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళ వయసు, ఎవరి ముందూ వంగని మెడ, పామర్రు దగ్గర మా ఊళ్ళో బాబాయితో ఉమ్మడిగా ఎకరన్నర మాగాణి తప్ప వేరే ఆస్తి లేదు. (అంతకు ముందున్నదంతా తాతగారి తరంలోనే క్లబ్బుల్లో పేకముక్కల పాలైంది. అయినా మా ఇంట్లో ఎవరూ ‘పోగొట్టుకున్నాం’ అనరు, ‘వదులుకున్నాం’ అంటారు.)

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడమీద, ఏదో రమ్మీ యాప్ కంపెనీ తరఫున ఫోన్లెత్తడం నా పని. ఖాతాలు ఆగిపోయిన మన రాష్ట్రం వాళ్ళు పొద్దుటి నుంచీ తిట్టేవారు. నేను ‘క్షమించండి, మీ రాష్ట్ర చట్టం ప్రకారం అనుమతి లేదండీ’ అని కాగితం చూసి చదివేవాణ్ణి. కంపెనీ మాకు మారుపేర్లు పెట్టింది. నాది కిరణ్. మా వంశం పేరు మైలపడకుండా కాపాడినందుకు కంపెనీ మీద నాకు లోలోపల కృతజ్ఞత ఉండేది. ఇంట్లో మాత్రం బెంగళూరులో ఆఫీసరుగా చేరానని చెప్పాను. అమ్మ అడ్రస్ అడిగితే అక్కడుండే స్నేహితుడి గది చిరునామా చీటీ మీద రాసిచ్చాను. తాతగారి మనవడు తిట్లు తినడానికి జీతం పుచ్చుకుంటున్నాడని చెప్పడానికి నోరు రాలేదు. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఇంకో వాక్యం కూడా ఉండేది: ‘వేరే రాష్ట్రంలో మీకు చిరునామా ఉంటే రుజువు పంపండి.’ దాన్ని నెమ్మదిగా, తియ్యగా చదవాలని మా టీమ్ లీడర్ ఆజ్ఞ. ప్రతి కాలూ రికార్డవుతుంది. చదవనివాడి ఉద్యోగం ఊడుతుంది.

ఒక మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే వచ్చిన కాల్‌లో అవతలి మనిషి తన పేరు కన్నా ముందు ఇంటిపేరు చెప్పారు. మా ఇంటిపేరే. మా బాబాయే. నాన్నగారు చనిపోయిన ఏడాది, ఇక జన్మలో పేకముక్క ముట్టనని అమ్మ ముందు ఒట్టేసిన బాబాయి. (ఫోన్లో ఆడితే ముక్క చేతికి తగలదు కనుక ఆయన లెక్కలో ఒట్టు చెక్కుచెదరలేదు.) నిబంధన ప్రకారం ఖాతాదారుడి తండ్రి పేరు అడగాలి. గొంతు మార్చి అడిగాను.

“మా నాన్నగారి పేరు తెలీకుండా ఈ జిల్లాలో ఫోనెత్తుతున్నావా బాబూ? మీ పెద్దోళ్ళెవరన్నా ఉంటే అడుగు, చెబుతారు.”

తాతగారి పేరు నేనే టైపు చేశాను, చివర ‘గారు’ చేర్చి. కంప్యూటర్ ఒప్పుకోలేదు. మనసు చంపుకుని తీసేశాను. తర్వాత మొదటి వాక్యం చదివాను. రెండోదానికి ఊపిరి పీల్చుకునే లోపే ఆయన అందుకున్నారు.

“వేరే రాష్ట్రం అడ్రసుంటే సరిపోద్దంటగా. మా అన్నగారబ్బాయి బెంగళూరులో పెద్ద ఆఫీసరు. రాసుకో. రుజువు మావాడే పంపుతాడు, నా మాట కాదనడు,” అంటూ నేను అమ్మకి రాసిచ్చిన చీటీని డోర్ నంబరుతో సహా చదవడం మొదలుపెట్టారు.

రాసుకుంటే ఖాతా తెరుచుకుంటుంది. ఖాతా తెరుచుకుంటే ఎకరన్నర ఏ దారిన పోతుందో మా ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. వద్దని చెప్పాలంటే నేనెవరో చెప్పాలి. టీమ్ లీడర్ అద్దం గదిలోంచి నన్నే చూస్తున్నాడు.

“ఆ అడ్రస్‌లో అతను లేడండీ,” అన్నాను.

“నీకెట్టా తెలుసు?”

“నేనే కాబట్టి బాబాయ్. బెజవాడలోనే ఉన్నా. ఈ ఫోన్లే ఎత్తుతున్నా.”

ఎప్పటినుంచని అడిగారు బాబాయి. నాలుగు నెలలన్నాను.

“మరి దీపావళికి బెంగళూరు నుంచి తెచ్చానన్న స్వీట్లో?”

“బీసెంట్ రోడ్డులో కొన్నా.”

“అనుకున్నాలే. మనవైపు నెయ్యి వాసనే వచ్చింది,” అని ఫోన్ పెట్టేశారు.

రికార్డింగ్ విన్న టీమ్ లీడర్ మర్నాడే నన్ను పంపేశాడు. కొన్నాళ్ళకు ఒక ఆస్పత్రిలో, మళ్ళీ ఫోన్ల దగ్గరే, చేరాను. పొలం కాపాడానన్న గర్వం ఆ వేసవి దాకా నిలిచింది. ఆ వేసవి క్రికెట్ రోజుల్లో గుడివాడ మనిషెవరో బాబాయి చేత ఫోన్లో పందేలు కాయించాడు. (అదీ ఆ చట్టం కింద నేరమే. కానీ అతను ఎవరినీ అడ్రస్ అడగడు.) పందెం బాకీ కోర్టులో చెల్లదని, ఇవ్వక్కర్లేదని ఊరంతా చెప్పింది. బాబాయి కూడా ఎగ్గొట్టడానికే మెత్తబడ్డారు. మాటిస్తే తప్పని ఇల్లు మాది అని అందరికన్నా గట్టిగా వాదించినవాణ్ణి నేనే.

ఆ బాకీ తీర్చడానికి పొలం అమ్మిన రోజు, రిజిస్ట్రారాఫీసులో గుమాస్తా నా వృత్తి ఏమిటని అడిగాడు. నేను గొంతు సవరించుకుని తగిన మాట వెతుక్కుంటుండగా బాబాయి నలుగురూ వినేలా చెప్పారు.

“ఆస్పత్రిలో ఫోన్లెత్తుతాడండీ. అడిగినదానికి నిజం చెబుతాడు.”

ఆ మాటకి నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడా ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి తల్చుకుంటే జాలితో కూడిన నవ్వొకటి వస్తుంది. ఎకరన్నరకి వణక్కుండా సంతకం పెట్టినవాడు, ఆ ఒక్క మాటకి ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియక, కలం మూత పెట్టడం కూడా మరిచి నిలబడిపోయాడు.