వార్తలు చదివిన మేక

2018లో, చెన్నైలో వానలు మొదలైన రోజుల్లో, మా కంపెనీ ఒక కార్టూన్ హాస్య సీరియల్‌ని డీవీడీ సెట్‌గా విడుదల చేసింది. అప్పటికే డీవీడీలు కొనేవాళ్ళు బాగా తగ్గిపోయారు. "ఇంకా ఇవి ఎవరు చూస్తారు?" అని మా ఆయన నన్ను ఆటపట్టించేవాడు. చూసేవాళ్ళు ఉన్నారు కాబట్టే నాకు జీతం వస్తోందని నేను అనేదాన్ని. మా ఆఫీసు జార్జి టౌన్‌లో, కాగితాల హోల్‌సేల్ కొట్టు మీద మొదటి అంతస్తులో ఉండేది. కింద తోపుడుబండ్ల వాళ్ళు దారి కోసం అరుచుకుంటుంటే, పైన మేం తలుపులు బిగించుకుని సినిమాలు చూసేవాళ్ళం. అదే మా పని.

నా ఉద్యోగంలో రెండు భాగాలు. మొదటిది క్యూసీ. అంటే డిస్క్ బజారుకు వెళ్ళకముందే మొదటి నుంచి చివరిదాకా చూసి, బొమ్మ ఎక్కడైనా ఆగుతోందా, మాట పెదాలతో కలుస్తోందా, మెనూలో మీటలు సరిగ్గా పని చేస్తున్నాయా అని పరీక్షించడం. రెండోది, విడుదలయ్యాక ప్రేక్షకులు ఆన్‌లైన్‌లో రాసే రివ్యూలన్నీ చదివి, జవాబు చెప్పాల్సిన వాటికి చెప్పడం. ఈ రెండో పని చేస్తానంటే అందరూ జాలిపడతారు. నాకు మాత్రం అదే ఇష్టం. మనిషి మెచ్చుకునేటప్పుడు అందరిలాగే మాట్లాడతాడు, తిట్టేటప్పుడు మాత్రం తనలాగా మాట్లాడతాడు.

ఆ సీరియల్ కథ చెప్పాలి. జార్జి టౌన్‌లో ఒక పప్పుల వ్యాపారి దగ్గర ఒక మేక గుమాస్తాగా పని చేస్తుంటుంది. లెక్కల్లో దిట్ట. ఒకటే లోపం, ఆకలేస్తే బిల్లులు తినేస్తుంది. టీవీలో పదమూడు కథలు వచ్చాయో లేదో, ఛానల్ వాళ్ళు ఆపేశారు. అందులో మేకకు ఉత్తర చెన్నైలో పాతకాలం నుంచి స్థిరపడిన తెలుగువాళ్ళ మాట పెట్టారు. నెల్లూరు, చిత్తూరు వైపు యాస, మధ్యమధ్యలో తమిళం. "అయ్యా, ఆ బిల్లు యాడుండాదో నన్నడగొద్దు. కడుపులో ఉండాది" అని మేక అంటే, తొండియార్‌పేటలో ఇళ్ళకు ఇళ్ళు నవ్వేవట.

డీవీడీ తెచ్చేటప్పుడు మా యజమాని చెంగయ్య గారికి ఒక ఆలోచన వచ్చింది. ఈ యాస ఉంటే ఆంధ్రాలో, తెలంగాణలో ఎవరూ కొనరని, మేక మాటలన్నీ మళ్ళీ చెప్పించారు. సంగీతం, తలుపుల చప్పుడు, బండ్ల మోత వేరే ట్రాక్ మీద ఉంటాయి కాబట్టి మాటలు మాత్రం తీసి కొత్తవి అతికించడం కష్టమేమీ కాదు. కొత్త గొంతు శుభ్రంగా ఉంది. పెదాలతో చక్కగా కలిసింది. నా క్యూసీ కాగితంలో తప్పు రాయడానికి ఏమీ లేదు. కానీ బిల్లు తిన్న మేక ఇప్పుడు, "క్షమించండి యజమానీ, ఆ పత్రాన్ని నేను భుజించాను" అంటోంది.

"సార్, మేక వార్తలు చదువుతున్నట్టుంది" అన్నాను.

"చదవనీ మా. మేక చదవతా ఉండాదని మెచ్చుకుంటారు" అన్నారు ఆయన.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పకపోతే తమాషా పోతుంది. చెంగయ్య గారిది తాతల కాలం నుంచి జార్జి టౌనే. ఆయన నోరు విప్పితే అచ్చం పాత మేకే. ఈడ, ఆడ, యాడ లేకుండా ఒక్క వాక్యం పూర్తి కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఇదే కాబోలు అనుకున్నాను.

విడుదలయ్యాక రివ్యూలు వచ్చాయి. కొత్తగా ఉద్యోగాలకు చెన్నై వచ్చినవాళ్ళు బాగుందన్నారు. "పిల్లలకు చూపించదగిన మంచి భాష, ఐదు స్టార్లు" అని ఒకాయన. "అట్ట కొంచెం నలిగి వచ్చింది, సీరియల్ ఇంకా చూడలేదు, నాలుగు స్టార్లు" అని ఇంకొకాయన. ఒకావిడకు మెనూలో పాట నచ్చలేదు, ఎవరో పెద్దమనిషి పద్నాలుగో కథ ఎక్కడ అని నిలదీశాడు. టీవీలో చూసి ప్రేమించినవాళ్ళు మాత్రం ఒక్క స్టారు చొప్పున విసిరికొట్టారు. "మా మేకను ఎవరు చంపారు?" అని ఒకతను రాశాడు. అంతే, ఇంకో మాట లేదు. అది చదివి నేను గట్టిగా నవ్వాను.

ఆ తర్వాతిది చదివి నవ్వు ఆగిపోయింది. మాధవరం నుంచి కవిత అనే ఆవిడ రాసింది. "ఒక్క స్టార్. డిస్క్ బాగానే పని చేస్తోంది. మా అత్తమ్మ మాట్లాడడం మానేసింది."

ఇన్నేళ్ళలో గీతలు పడ్డ డిస్క్‌ల గురించి, పగిలిన డబ్బాల గురించి, రాని పార్సిళ్ళ గురించి చదివాను. మాట్లాడడం మానేసిన అత్తగారి గురించి చదవడం అదే మొదటిసారి. ఆర్డర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. కవిత మొదట మొహమాటపడింది.

"ఊరికే రాసేసినాను మేడమ్. మీ తప్పేం లేదు, అది మా ఇంటి గొడవ."

"ఇంటి గొడవ మా డిస్క్ వల్లే వస్తే అది మా గొడవ కూడా. చెప్పండమ్మా" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆవిడ కూతురు హరిణికి ఎనిమిదేళ్ళు. బడిలో తమిళం, వీధిలో తమిళం, ఇంట్లో అమ్మానాన్నలతో కూడా తమిళమే. వాళ్ళ అవ్వ రాజమ్మ గారు తొండియార్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. తమిళం వచ్చు గానీ మనసారా మాట్లాడాలంటే తెలుగే కావాలి. మనవరాలికి ఆ తెలుగు పట్టదు. ఒకే ఇంట్లో ఉన్నా ఇద్దరి మధ్యా తిన్నావా, పడుకో, ఈ రెండు మాటలే.

"అప్పుడు టీవీలో ఈ మేక వచ్చింది మేడమ్. పాప ఎగిరి గంతేసి, 'అమ్మా, మేక అచ్చం అవ్వ మాదిరే మాట్లాడతా ఉండాది' అనింది. ఆడ్నించి ఇద్దరూ ఒకటే జట్టు. మేక ఏమనిందో పాప అడిగేది, అత్తమ్మ చెప్పేది. అట్టా అట్టా పాపకి తెలుగొచ్చేసింది. సీరియల్ ఆపేస్తే ఇద్దరూ ఏడ్చినంత పని చేసినారు. అందుకే డిస్క్ రాంగానే కొనేసినాం."

"మరి?"

"డిస్క్ పెడితే మేక వేరే మాదిరి మాట్లాడింది. పాప చూసి చూసి, 'అవ్వా, మేక కూడా సరిచేసుకునింది గదా, నువ్వు ఇంకా తప్పుగానే మాట్లాడతా ఉండావే' అనేసింది. చిన్నబిడ్డ, దానికేం తెల్సు? అత్తమ్మ నవ్వింది. నవ్వి లోపలికి పోయింది. ఆ పొద్దు నించి పాపతో తెలుగు మాట్లాడడం లేదు. ఏమన్నా అడిగితే తమిళంలో ఒక ముక్క. అంతే."

ఫోన్ పెట్టేశాక కాసేపు నాకు ఏ పనీ తోచలేదు. కోపం కూడా వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మేం అక్షరాలా అదే చేశాం, అదీ పరాయి ఇంట్లో.

నేరుగా చెంగయ్య గారి గదికి వెళ్ళి విషయం చెప్పాను. పాత మాటలతో డిస్క్ మళ్ళీ తేవాలన్నాను. ఆయనకు చిర్రెత్తింది.

"నీకేం తెల్సు మా, నువ్వు తెనాలి దానివి. నువ్వు యాడ మాట్లాడినా ఎవురూ నవ్వరు. నేను హైదరాబాదులో హోటల్‌కి పోయి తెలుగులో ఇడ్లీ అడిగితే, సర్వరు నాకు తమిళంలో జవాబిచ్చినాడు. తెలుగోడిని అని నేను చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ మేకకి ఆ గతి పట్టకూడదనే గదా మాట మార్పించినాను!"

ఇన్నేళ్ళుగా ఆయన దగ్గర పని చేస్తున్నా, ఈ ముల్లు ఆయనకు ఇంత లోతుగా గుచ్చుకుందని నాకు తెలియదు. నిజంగా జాలేసింది. కానీ ఊరుకోబుద్ధి కాలేదు. ఆయన బల్ల మీదే ఫోన్ పెట్టి, స్పీకర్ నొక్కి, కవితకు చేశాను. రాజమ్మ గారిని పిలవమన్నాను. ఆవిడ రానంది. కోడలు బతిమాలితే వచ్చింది.

"నాతో ఏముంది మా? నా తెలుగు బాగుండదు. కోడలితో మాట్లాడుకోండి" అంది.

చెంగయ్య గారు ముందుకు వంగారు. "బాగుండదని ఎవురు చెప్పినారు అవ్వా?"

"మేకే చెప్పింది నాయనా."

చెంగయ్య గారు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"ఆ మేకకి ఆ మాటలు చెప్పించింది నేనే అవ్వా. తప్పు నాది" అన్నారు.

"నీది ఏ ఊరు?"

"ఈడే. జార్జి టౌను. మా తాత నాటి నించి ఈడే ఉండాము."

"అట్నా! నీ మాట బాగానే ఉండాదే. మన మాటే గదా. మరి మేకనెందుకు అట్టా చేసినావు?"

ఆయన నవ్వేశారు. అవతల ఆవిడా నవ్వింది. తర్వాత వాళ్ళిద్దరూ తొండియార్‌పేటలో ఏ వీధిలో ఏ ఇల్లు ఎవరిదో తేల్చుకునేదాకా నాకు ఫోన్ తిరిగి దక్కలేదు.

ఇక మిగిలింది పని. ఒక డిస్క్ మీద ఒకటికంటే ఎక్కువ ఆడియో ట్రాకులు పెట్టవచ్చు. రిమోట్‌లో మీట నొక్కితే మాట మారుతుంది. ఏమీ నొక్కకుండా డిస్క్ వేయగానే వినిపించేదాన్ని డిఫాల్ట్ ట్రాక్ అంటారు. డిస్క్ తయారుచేసే అతను కొత్త మాటను డిఫాల్ట్‌గా ఉంచి, పాతదాన్ని రెండోదిగా చేరుస్తానన్నాడు. అది సులువు, అందరికీ న్యాయం కూడా. నేను ఒప్పుకోలేదు. రిమోట్‌లో వెతికితే దొరికే మాటను ఇంట్లో ఎవరూ అసలు మాట అనుకోరు. హరిణి దాన్ని తప్పుల ట్రాక్ అంటుంది. ఈ విషయం మీద మేం గట్టిగానే వాదించుకున్నాం.

చివరికి చెంగయ్య గారే తేల్చారు. "మన మేకని ముందర పెట్టు. వార్తలోడు వెనక కూర్చుని చదువుకోనీ."

పాత డిస్క్ పంపినవాళ్ళకు కొత్తది ఊరికే ఇస్తామని ప్రకటించాం. మాధవరానికి మాత్రం నేనే తీసుకెళ్ళాను. పాల కాలనీ పక్క వీధిలో, మేడ మీద చిన్న ఇల్లు. రాజమ్మ గారు బక్కపలచని మనిషి, గోడ పక్కన కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. హరిణి డిస్క్ పెట్టింది. బిల్లు పోయిందని యజమాని గగ్గోలు పెట్టాడు. మేక, "కడుపులో ఉండాది" అంది.

హరిణి గిరుక్కున నా వైపు తిరిగింది. "ఆంటీ, మేక మళ్ళా తప్పుగా మాట్లాడతా ఉండాది!"

"లేదమ్మా. ఈ మేక పుట్టిందే జార్జి టౌన్‌లో. దాని సొంత మాట ఇదే. మేమే దాన్ని మార్చాం."

పిల్ల ఆలోచించింది. "అంటే తప్పు చేసింది మీరా?"

"మేమే."

"అవ్వ కాదా?"

"అవ్వ కానే కాదు."

రాజమ్మ గారు తల ఎత్తలేదు గానీ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. తెర మీద మేక, "మా అయ్యకి ఎచ్చులెక్కువ" అంది. హరిణి అలవాటుగా, చూపు టీవీ మీంచి తిప్పకుండానే, "ఎచ్చులంటే ఏంది అవ్వా?" అని అడిగేసింది. కవిత వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"లేనిదాన్ని ఉన్నట్టు చెప్పుకునేది" అన్నారు రాజమ్మ గారు. ఇంకో కాయ అందుకుని, "మీ తాత మాదిరి. ఒక తూరి ఏం చేసినాడో తెల్సా?" అని మొదలుపెట్టారు. హరిణి టీవీ వదిలేసి వచ్చి చాట పక్కన చతికిలబడింది. ఆ కథ ఎంతకీ తెగలేదు. మేక తన పాటికి తను వాగుతూనే ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

బయలుదేరుతుంటే ఆవిడ నన్ను ఆపి, నాది ఏ ఊరని అడిగారు. తెనాలి అన్నాను. "మంచిగా మాట్లాడతా ఉండావు మా. నువ్వు గాని వార్తలు చదవతావా?" అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వారు, అందరికంటే ఎక్కువ నేను నవ్వాను.

ఆ తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. స్టార్లు లెక్కపెట్టి రివ్యూలను దొంతరలు పెట్టడం మానేశాను. ఒక్క స్టారు ఇచ్చినవాడు చాలాసార్లు ఆ వస్తువు కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూసినవాడే అయ్యుంటాడని తెలిసింది. అలాంటివి ముందు చదువుతాను. అర్థం కాకపోతే ఫోన్ చేస్తాను.

వారం తిరక్కముందే కవిత తన రివ్యూను మార్చి రాసింది. "నాలుగు స్టార్లు. మేక బాగుంది. ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, మా అత్తమ్మ, పాప పక్కనే కూర్చుని ఆగకుండా మాట్లాడుకుంటున్నారు. మేక ఏమంటోందో ఒక్క ముక్కా వినపడడం లేదు."